ఈ ముప్పావు అంగుళం ఎక్కడిదమ్మా?

పునాది గుంతలకి ముగ్గు పోసే రోజు పొద్దున్న ఏడింటికి మేస్త్రిగారు ఫోన్ చేశారు.

"అమ్మా, కాగితంలో ఏదో తేడా ఉన్నట్టుంది, ఒకసారి చూడండి. మధ్య పిల్లర్‌కి ఇటుపక్క 11 అడుగుల 8¼ అంగుళాలు, అటుపక్క 11 అడుగుల 6¾ రాశారు. ఈ ముప్పావు అంగుళం ఎక్కడిదమ్మా?"

ఆ ప్లాన్ గీసింది నేనే అయినా, ఎక్కడిదో నాకూ తెలియలేదు. 30 అడుగుల వెడల్పు స్థలం అది. రెండు పక్కలా 3 అడుగుల చొప్పున వదిలితే బిల్డింగ్‌కి 24 అడుగులు మిగులుతుంది. 9 అంగుళాల పిల్లర్లు కాబట్టి ఈ చివర సెంటర్ నుంచి ఆ చివర సెంటర్‌కి 23 అడుగుల 3 అంగుళాలు. మధ్య పిల్లర్‌కి ఒకపక్క 11 అడుగుల 6, ఇంకోపక్క 11 అడుగుల 9 ఇచ్చినట్టు నా నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసి ఉంది. ప్రింట్‌లో మాత్రం వేరే అంకెలున్నాయి.

ఆఫీసుకి పరుగెత్తి ఫైలు తెరిచాక అర్థమైంది. ముందురోజు సాయంత్రం వంటగది గోడని సెలెక్ట్ చేయబోయి, దాని పక్కనే ఉన్న గ్రిడ్ లైన్ (పిల్లర్ సెంటర్లని కలిపే గీత) మీద మౌస్ నొక్కాను. వేలు ఎత్తేలోపు చెయ్యి కాస్త కదిలింది. అంతే, గ్రిడ్ రెండుంబావు అంగుళాలు జరిగింది. దానితో పాటు పిల్లర్, పిల్లర్ కింద ఫుటింగ్, దాని మీద బీములు, పై రెండు అంతస్తుల్లో అదే పిల్లర్, అన్నీ జరిగాయి. కొలతలు కూడా వాటంతట అవే మారిపోయాయి. కంప్యూటర్ ఒక్క మాట అడగలేదు. జరపమంటారా అని కూడా అడగలేదు.

మేస్త్రిగారు ముప్పై ఏళ్లుగా పిల్లర్లు నిలబెడుతున్న మనిషి. పిల్లర్ సెంటర్లకి పావులూ ముప్పావులూ ఎవరూ ఇవ్వరని ఆయనకి తెలుసు. ఆయన ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే ఆ రోజు మధ్యాహ్నానికి గుంతలు తవ్వేసేవాళ్లు. ఇంటాయన వాస్తు ప్రకారం లెక్కగట్టి ఇచ్చిన గది కొలతలు తప్పేవి, మెట్ల గది ఇరుకయ్యేది. ఆ తర్వాత ఎవరు ఎవరిని తిట్టుకున్నా పిల్లర్ వెనక్కి జరగదు.

బోర్డు మీద గీసిన రోజుల్లో అయితే గీత తప్పినా దాని మీద అంకె నేను చేత్తో రాసిందే ఉండేది. గీతకీ అంకెకీ పొంతన లేకపోతే ఎవరో ఒకరు స్కేలు పెట్టినప్పుడు బయటపడేది. మా ఆఫీసు కొన్న, ఇల్లంతా ఒకే మోడల్‌గా గీసే ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌లో గీత జరిగితే అంకె కూడా దాని వెంటే జరుగుతుంది. రెండు కొలతలూ కూడితే 23 అడుగుల 3 అంగుళాలే వస్తుంది. లోపల తప్పు ఉన్నా కాగితం మీద అన్నీ ఒకదానికొకటి సరిపోతూనే కనిపిస్తాయి. కొలతల్ని దగ్గరి అంగుళానికి సరిచేసి చూపించేలా పెట్టుకుని ఉంటే ఆ ముప్పావు కూడా కనిపించేది కాదు, మేస్త్రిగారికి అనుమానం వచ్చేదే కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

"చూసుకోవాలి కదమ్మా" అన్నారు మా సార్. నిజమే, చూసుకోవాల్సింది నేనే. కానీ రోజంతా మౌస్ నొక్కే మనిషికి ఎప్పుడో ఒక నొక్కు తడబడుతుందని ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు ముందే అనుకుని ఉండాలి. తర్వాత తెలిసింది, అలా పట్టుకుని లాగితే జరగకుండా ఆపే ఒక చిన్న బొమ్మ స్క్రీన్ కింద మూలన ఉందట. కొన్నప్పటి నుంచీ అది జరగనిచ్చే వైపే ఉంది. ట్రైనింగ్‌కి వచ్చిన అబ్బాయి దాని సంగతి చెప్పలేదు. ఇల్లంతా కదిలించగల ఒక్క నొక్కుని ఆపే తాళం, గోరంత బొమ్మలో, ఎవరూ చూడని మూలన పెట్టారు.

ఈ వ్యాసం రాయడానికి ఆ ఉదయమే కారణం. కానీ దీని వెనక రెండేళ్ల విసుగు ఉంది.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. రెండేళ్ల కోర్సు. మినీ డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ షీటు మీద ఇంకు పెన్నులు, తప్పు పడితే బ్లేడుతో సుతారంగా గీకి మళ్లీ గీయడం, అమ్మోనియా వాసన కొట్టే ప్రింట్లు. 2004లో మా నాన్న అప్పు చేసి నన్ను హైదరాబాద్ పంపిస్తే, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి మూడు నెలలు, కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ నేర్చుకున్నాను. మైత్రీవనం చుట్టూ గోడల నిండా బోర్డులే. ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు, కమాండ్లన్నీ రెండు పక్కలా. ఎల్ కొడితే లైను, సి కొడితే సర్కిల్, టి ఆర్ కొడితే ట్రిమ్ (గీత కోయడం), ఓ కొడితే ఆఫ్‌సెట్ (పక్కనే సమాంతర గీత). ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. కానీ నెల తిరిగేసరికి దాన్ని చూడాల్సిన పని లేకుండా పోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త సాఫ్ట్‌వేర్ గురించి నోరు తెరిచిన ప్రతిసారీ "మీకు అలవాటు లేక అలా అంటున్నారు, పాతవాళ్లకి మార్పు నచ్చదు" అంటారు. బోర్డు వదిలి కంప్యూటర్‌కి రావడం కంటే పెద్ద మార్పు మా వృత్తిలో ఇంకోటి లేదు. ఆ మార్పుకి నేను ఇష్టంగా వచ్చాను. అప్పు చేసి మరీ వచ్చాను. ఎందుకంటే నా చేతికి తెలిసిన పనిని ఆటోక్యాడ్ ఇంకా వేగంగా చేయనిచ్చింది. మినీ డ్రాఫ్టర్‌తో సమాంతర గీత గీసే చెయ్యే, ఓ కొట్టి 9 అంగుళాలిచ్చి ఆఫ్‌సెట్ చేసింది. గోడకి రెండు గీతలు, తలుపు దగ్గర తెంపు, పని వరస అదే.

ఈ విషయం మీద కొంత చదివాను. కంప్యూటర్‌తో డ్రాయింగ్ గీయడం 1963లో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌తో మొదలైందంటారు. అమెరికాలో ఎంఐటీ వాళ్ల లింకన్ లేబొరేటరీలో, టీఎక్స్-2 అనే కంప్యూటర్ మీద, తన పీహెచ్‌డీ కోసం చేశాడాయన. అందులో గీయడానికి వెలుగు పెన్ను ఉండేది. పక్కన బటన్ల పెట్టె ఉండేది. ఒక చేత్తో పెన్ను తెర మీద పెట్టి చోటు చూపిస్తే, రెండో చేత్తో బటన్ నొక్కి ఏం చేయాలో చెప్పడం. ఇప్పుడు కొత్తగా వచ్చిందని గొప్పగా చెప్పే సంగతి, అంటే రెండు గీతలు ఎప్పుడూ సమాంతరంగానే ఉండాలి, ఒక అసలు బొమ్మ మారిస్తే దాని నకళ్లన్నీ మారాలి అని పెట్టుకునే కట్టుబాట్లు, అవి కూడా స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉన్నాయి. అరవై ఏళ్ల కిందటి ఆ మనిషి రెండు చేతులకీ పని పంచాడు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

1982 నవంబరులో లాస్ వేగాస్‌లో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో మొదటిసారి చూపించిన ఆటోక్యాడ్ కూడా, తర్వాతి రోజుల్లో మా చేతికొచ్చేసరికి, ఆ పంపకాన్నే నిలబెట్టింది. కుడిచేతిలో మౌస్, ఎడమచెయ్యి కీబోర్డు మీద. స్పేస్ బార్ నొక్కినా ఎంటర్ నొక్కినట్టే, ఎందుకంటే ఎడమ బొటనవేలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఏ అక్షరానికి ఏ కమాండో నచ్చకపోతే ఏక్యాడ్ డాట్ పీజీపీ అనే టెక్స్ట్ ఫైలు తెరిచి మనమే మార్చుకోవచ్చు. 1986 నుంచి, మన సొంత కమాండ్లు రాసుకునే ఆటోలిస్ప్ భాష కూడా వచ్చింది. మా ఆఫీసులో కాపీకి నేను రెండు సి లు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా అదే. నా ఎడమచేతి వేళ్లకి ఆ రెండు సి లు నా సంతకం కంటే బాగా తెలుసు.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎడమచెయ్యి ఖాళీగా కూర్చుంటుంది. పని అంతా పై బొమ్మల పట్టీలో ఉంది. ముందు ట్యాబ్ ఎంచుకోవాలి, తర్వాత దాని కింద బొమ్మ, బొమ్మ కింద చిన్న బాణం, బాణం కింద ఇంకో జాబితా. షార్ట్‌కట్లు ఉన్నాయంటారు. ఉన్నాయి, కానీ చాలావాటికి రెండక్షరాలు కొట్టగానే దానంతట అదే మొదలవుతుంది, స్పేస్ కొడితే ఇంకేదో అవుతుంది. ఏదైనా గోడ సెలెక్ట్ అయి ఉంటే పట్టీ మొత్తం రంగు మారి, నిన్న ఉన్న చోట ఇవాళ వేరే బొమ్మ ఉంటుంది. కన్ను ప్రతిసారీ తెర పైకి వెళ్లి రావాలి. చదివే వాక్యంలో ప్రతి మాటకీ తలెత్తి గడియారం చూసి రమ్మంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఈ వెళ్లిరావడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయొచ్చు. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరన్, ఆలెన్ న్యూవెల్ అనే ముగ్గురు దీనికి ఒక పద్ధతి ఇచ్చారు. బాగా అలవాటైన చేతికి ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకను. మౌస్‌ని తెర మీద ఒక చోటికి తీసుకెళ్లడానికి 1.1 సెకను. తర్వాతేం చేయాలో మనసు కూడదీసుకోవడానికి 1.35 సెకను. వాళ్ల అంకెలు పట్టుకుని నా పని లెక్కేశాను. టి, ఆర్, స్పేస్: మూడు కీలు, 0.6 సెకను. మౌస్ డ్రాయింగ్ మీదే ఉంది. అదే బొమ్మల పట్టీలో అయితే ట్యాబ్ దగ్గరికి 1.1, నొక్కు 0.2, బొమ్మ ఏదో చూసుకోవడానికి 1.35, దాని దగ్గరికి 1.1, నొక్కు 0.2, తిరిగి డ్రాయింగ్‌లోకి 1.1. మొత్తం 5 సెకన్ల పైన. ఒక్క కమాండ్‌కి తేడా దాదాపు నాలుగున్నర సెకన్లు. రోజుకి 500 కమాండ్లు అనుకున్నా 37 నిమిషాలు అవుతుంది.

37 నిమిషాలు పోతే పోనీ అనొచ్చు. ఆ నిమిషాలు ఎవరివో చూడండి. మా ఊళ్లో చాలామంది డ్రాఫ్ట్స్‌మన్లు చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకుని ఇంటి దగ్గర గీస్తారు. పోయే నిమిషాలు వాళ్ల జేబులోంచే పోతాయి. నాకు జీతమే, కానీ ప్రింట్ రేపు పొద్దున్నకి కావాలన్నప్పుడు రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చునేది నేనే. ఇంటి దగ్గర అన్నం వేడి చేసి పెట్టేవాళ్లకి కూడా ఆ లెక్కలో వాటా ఉంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది సమయం కూడా కాదు. చేతికి తెలిసిన పనిని పైనుంచి ఎవరో తీసేయడం. ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ గొడవ కాదు. అందరికీ తెలిసిన ఆటోక్యాడ్‌నే చూడండి. 2009 వెర్షన్‌లో పైన రిబ్బన్ అనే బొమ్మల పట్టీ వచ్చింది. 2015లో క్లాసిక్ వర్క్‌స్పేస్ అనే పాత తెర అమరిక తీసేశారు. 2012లో, ఒకే బొమ్మని వరసల్లో పేర్చే అర్రే కమాండ్ పాత డైలాగ్ బాక్సు పోయింది, తర్వాత అర్రేక్లాసిక్ అనే పేరుతో దాన్ని తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. లేయర్ల (గీతల్ని విడివిడిగా ఉంచే పొరల) బాక్సుకి క్లాసిక్‌లేయర్, బ్లాకులు (తయారుగా ఉన్న బొమ్మలు) పెట్టే బాక్సుకి క్లాసిక్‌ఇన్‌సర్ట్, ఇవీ అలాంటివే. 2021 వెర్షన్‌లో ట్రిమ్ కొట్టగానే హద్దులు ఎంచుకోమని అడగడం మానేసి, కనిపించే గీతలన్నీ హద్దులే అనుకోవడం మొదలుపెట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది నిజంగా సులువే. హద్దు ఎంచుకుని, స్పేస్ కొట్టి, తర్వాత కోయడం అలవాటైన చేతికి మాత్రం మొదటి నొక్కుకే కోయకూడని గీత తెగుతుంది. అయితే ఇక్కడ ఒక మంచి పని చేశారు. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ అని కొట్టి సున్నా ఇస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది. నేను అడిగేదల్లా ఇదే. కొత్తది పెట్టండి, పాత దారికి తలుపు తీసి ఉంచండి. ఆ తలుపు ఎక్కడుందో అప్‌గ్రేడ్ అయిన రోజే చెప్పండి.

తలుపు అంటే గుర్తొచ్చింది. మా నాన్న వడ్రంగి. చిన్నప్పటి నుంచీ మా ఇంటి ముందు ద్వారబంధాలు తయారవుతుంటే చూశాను. గుమ్మం అంటే నాకు నాలుగు చెక్కలు: రెండు నిలువు, పైన ఒకటి, కింద గడప. గడప పెట్టే రోజు ఇంటివాళ్లు ముహూర్తం చూసుకుంటారు. పసుపు రాసి బొట్లు పెడతారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో సింహద్వారం పెట్టబోతే దాని లైబ్రరీలో ఎన్నో రకాల తలుపులున్నాయి. అద్దం తలుపులు, పక్కకి జరిగేవి, గ్యారేజీ తలుపులు. ఒక్కదానికీ గడప లేదు. మూడు చెక్కలే. మన కిటికీకి ఉండే గ్రిల్ లేదు. కిటికీ మీద సన్‌షేడ్ లేదు.

ఆటోక్యాడ్‌లో అయితే ఒక దీర్ఘచతురస్రం గీస్తే గడప అయిపోతుంది, అర నిమిషం. ఇక్కడ దానికోసం వేరే విండో తెరిచి, రిఫరెన్స్ ప్లేన్లు అనే ఆధార గీతలు గీసి, ఏ కొలత మారితే ఏది మారాలో పేర్లు పెట్టి, ఆ పేర్లని కొలతలకి తగిలించి, దాన్ని మళ్లీ ప్రాజెక్టులోకి తేవాలి. రెండు రోజులు పట్టింది. మొదటిసారి పెట్టినప్పుడు గడప నేల లోపలికి దిగిపోయి కనిపించింది. ఎందుకని అడగడానికి మనిషి లేడు. నాన్నకి ఫోన్ చేసి చెబితే, "గడప లేని గుమ్మం గాలికి వదులైపోతుందమ్మా, వాళ్లకి తెలియదా?" అన్నాడు. వాళ్ల దేశంలో గుమ్మాలు అలా ఉండవు కాబట్టి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. మన చోట అమ్మేటప్పుడు కనుక్కోకపోవడం తప్పు.

కొలతల గొడవ ఇంకోటి. మున్సిపాలిటీకి పెట్టే ప్లాన్ మీటర్లలో, మేస్త్రికి ఇచ్చేది అడుగులూ అంగుళాల్లో, స్టీలు మిల్లీమీటర్లలో. ఒకే ఇంటికి, ఒకే వారంలో మూడూ కావాలి. ఆటోక్యాడ్‌లో 11 అడుగుల 6 అంగుళాలని కొట్టడానికి ఒక అలవాటైన పద్ధతి ఉంది. కొత్తదానిలో ప్రాజెక్టు ఏ యూనిట్‌లో తెరిస్తే ఆ యూనిట్‌దే రాజ్యం. అడుగుల్లో ఇచ్చిన అంకెని మిల్లీమీటర్లు అనుకుని గోడని చీమ తలకాయంత చేసి, ఏమీ జరగనట్టు ఊరుకుంటుంది. ఆన్‌లైన్‌లో పర్మిషన్‌కి పెట్టే డ్రాయింగ్‌లో లేయర్ల పేర్లు మున్సిపాలిటీ వాళ్లు చెప్పినట్టే ఉండాలి, లేకపోతే అక్కడి సాఫ్ట్‌వేర్ దాన్ని చదవదు. మాది బయటికి తీస్తే లేయర్లన్నీ దాని సొంత పేర్లతో వస్తాయి. పేర్లు మార్చే పట్టిక ఉందట, అందులో వందల వరసలు. ప్రస్తుతానికి నేను బయటికి తీసిన ప్లాన్‌ని ఆటోక్యాడ్‌లో తెరిచి, లేయర్లు చేత్తో మారుస్తున్నాను. అంటే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాక పాతదానిలో పని తగ్గలేదు, పెరిగింది.

ఇక తప్పు జరిగినప్పుడు అది మాట్లాడే భాష. గోడ జరపబోతే ఒక బాక్సు వచ్చి, "ఎలిమెంట్లని కలిపి ఉంచడం కుదరదు" అంటుంది. ఏ ఎలిమెంట్లు? ఏ అంతస్తులో? ఎందుకు కుదరదు? కింద మూడు బటన్లు. ఏది నొక్కితే ఏం పోతుందో చెప్పదు. ఒకటి నొక్కాను, గోడ జరిగింది. రెండు రోజుల తర్వాత పై అంతస్తు స్లాబుకీ గోడకీ మధ్య సందు కనిపించింది. మా మేస్త్రిగారు తప్పు చెప్పిన తీరు చూడండి: ఏ పిల్లరో చెప్పారు, ఏ పక్కో చెప్పారు, అంకె చెప్పారు, అది ఎందుకు అనుమానమో ఆయన ప్రశ్నలోనే ఉంది. ఒక్క నిమిషం ఫోన్ కాల్. నాకు కంప్యూటర్ నుంచి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇవన్నీ తీర్చలేని కష్టాలు కావని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లు ఒక పెద్ద బాధ ఉండేది. మనం చేసిన వస్తువులో ప్రతి ముఖానికీ అది ఒక నంబర్ ఇచ్చుకుంటుంది. ఆరో ముఖం మీద ఒక రంధ్రం పెట్టాం అనుకోండి. తర్వాత వెనక్కి వెళ్లి ఎక్కడో ఒక చిన్న మార్పు చేస్తే నంబర్లు తారుమారై, ఆరో ముఖం ఇంకెక్కడో తేలి, రంధ్రం అక్కడికి పోయేది, లేదా మొత్తం పగిలిపోయేది. వాడేవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో దానికి చాలావరకు మందు దొరికింది. పేరుకి 1.0, కానీ ఆ ప్రాజెక్టు మొదలై అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. ఈ బాధ తీరేదాకా ఆ అంకె పెట్టుకోకుండా ఆగారంటే నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

మరి లక్షలు తీసుకునే సాఫ్ట్‌వేర్లలో ఇవి ఎందుకు తీరవు? నాకు తోచిన కారణం ఒకటే. కొనేవాళ్లు వేరు, కూర్చునేవాళ్లు వేరు. డెమో మా ఆఫీసులో ముప్పావు గంట జరిగింది. డెమో చూపించిన అబ్బాయి నాలుగు గోడలు లాగి, పైకప్పు పెట్టి, ఒక బటన్ నొక్కితే ఇల్లు గిర్రున తిరిగింది. మా సార్ ముఖం వెలిగిపోయింది. నాకూ బాగానే అనిపించింది, అబద్ధం చెప్పను. ఆ ముప్పావు గంటలో ఎవరూ ఒక గోడని రెండోసారి జరపలేదు. ఎవరూ మెట్లకి ఒక అడుగు తగ్గించలేదు. ఎవరూ గడప అడగలేదు. సాఫ్ట్‌వేర్ సులువా కాదా అన్నది మొదటి గంటలో తెలియదు. రోజుకి ఎనిమిది గంటలు చొప్పున ఆరు నెలలు దాని ముందు కూర్చున్న మనిషిని అడగాలి. అమ్మేవాళ్లు ఆ మనిషిని ఎప్పుడూ కలవరు.

చిన్న ఆఫీసులకే ఈ గతి అనుకునేదాన్ని. 2020 జులైలో బ్రిటన్‌లోని పేరున్న ఆర్కిటెక్చర్ సంస్థలు, జహా హదీద్ ఆర్కిటెక్ట్స్, గ్రిమ్‌షా లాంటివి కలిసి, ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ సీఈవోకి బహిరంగ లేఖ రాశాయని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. బిల్డింగుల మోడళ్లు చేసే వాళ్ల సాఫ్ట్‌వేర్ రెవిట్ ఖర్చు పెరుగుతోంది, దాన్ని మెరుగుపరిచే పని మాత్రం నత్తనడక నడుస్తోందని వాళ్ల ఫిర్యాదు. ప్రపంచమంతా బిల్డింగులు కట్టే సంస్థలే గొంతు వినిపించాలంటే బహిరంగంగా ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే, అయిదుగురున్న మా ఆఫీసు మాట ఎక్కడికి చేరుతుంది?

వయసు సంగతి కూడా తేల్చాలి. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, బీటెక్ సివిల్, ఇరవై మూడేళ్లు. ఆటోక్యాడ్ పెద్దగా రాదు, నేరుగా ఈ కొత్తదే నేర్చుకుంది. అలవాటు వల్లే కష్టమైతే తనకి కష్టం ఉండకూడదు. మొన్న వెర్షన్ మారాక పొద్దున్నంతా ఒక కమాండ్ కోసం వెతుకుతూ, "అక్కా, మొన్నటిదాకా ఇక్కడే ఉంది, నేనే మర్చిపోయానా?" అంది. తను మర్చిపోలేదు. దాన్ని ఇంకో ట్యాబ్ కిందికి మార్చారు. ఆ పిల్ల తప్పు తనదే అనుకుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ మాటే. వస్తువు ఎక్కడ పెట్టారో చెప్పకుండా మార్చేసి, వాడేవాళ్లు తమ తెలివిని తామే అనుమానించుకునేలా చేయడం చాలా అన్యాయం.

అదే వెర్షన్ మార్పుతో ఇంకో దెబ్బ తగిలింది. కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. స్ట్రక్చరల్ డిజైన్ చేసే ఆయన పక్క ఊళ్లో ఉంటారు, ఆయన దగ్గర పాతదే ఉంది. వెనక్కి సేవ్ చేసే దారి లేదు. చివరికి పీడీఎఫ్ పంపితే ఆయన మనిషి దాన్ని చూసి మొత్తం మళ్లీ గీశాడు. ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫైలైతే ఎన్నో వెర్షన్లు వెనక్కి ఇవ్వడం మాకు నిత్యం చేసే పని. కుదరని పనేమీ కాదు. యంత్రభాగాలు గీసే సాలిడ్‌వర్క్స్ కూడా ఎన్నో ఏళ్లు ఇవ్వలేదు, 2024 వెర్షన్ నుంచి రెండు వెర్షన్లు వెనక్కి సేవ్ చేయనిస్తోంది.

ఇంత రాశాక, దీన్ని తీసేసి పాతదానికే పోదామా అంటే నేను ఒప్పుకోను. సెక్షన్ గీత ఇలా లాగితే అటు సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) దానంతట అది తయారైన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. ప్లాన్‌లో కిటికీ జరిపి ఎలివేషన్‌లో మార్చడం మర్చిపోయే తప్పు నేను కనీసం పదిసార్లు చేసి ఉంటాను, ఇప్పుడు అది జరగదు. ఇటుకల లెక్క, తలుపుల జాబితా, అన్నీ వస్తాయి. రెండు రోజులు పట్టిన ఆ గడప గుమ్మం కూడా ఇప్పుడు ప్రతి ఇంట్లో వాడుతున్నాం, వెడల్పు మారిస్తే గడప కూడా దానితో పాటే సాగుతుంది. ఇంత శక్తి ఉన్న పనిముట్టు కాబట్టే దాని మీద ఇంత పట్టింపు. ఒక గీత జరిగితే మూడంతస్తులు జరిగే చోట, జరిగిందని చెప్పడం ఆటోక్యాడ్‌లో కంటే వందరెట్లు ముఖ్యం. గ్రిడ్ జరిగితే ఒక చిన్న గుర్తు చాలు: నిన్నటికీ ఇవాళ్టికీ ఈ పిల్లర్ రెండుంబావు అంగుళాలు తేడా అని. మారిన ప్రతి గీతా దానికి తెలుసు, లెక్కంతా దాని దగ్గరే ఉంది. మాకు చెప్పదు.

ఈ మాటలే ఇంగ్లీషులో రాసి కంపెనీ వాళ్ల సలహాల పేజీలో పెట్టాం. నాకు ఇంగ్లీషులో అంత పొడుగు రాయడం రాదు, ఆ అమ్మాయి రాసింది. గ్రిడ్ జరిపితే అడగాలి. కొత్త వెర్షన్‌లో ఏది ఎక్కడికి మారిందో మొదటిరోజే ఒక పేజీలో చూపించాలి. వెనక్కి సేవ్ చేయనివ్వాలి. గడపతో ఒక తలుపు లైబ్రరీలో పెట్టాలి. ఆఖరిది రాసేటప్పుడు గడపకి మేం పసుపు రాస్తామన్న సంగతి కూడా రాయనా అక్కా అని అడిగింది. రాయమన్నాను.

ఈలోపు మా పద్ధతి మేం పెట్టుకున్నాం. ఏ ప్రింట్ సైటుకి వెళ్లినా ముందు నా నోట్‌బుక్ బయటికి తీస్తాం. ఆ అమ్మాయి షీటు మీద పిల్లర్ సెంటర్లు ఒక్కొక్కటే చదువుతుంది, నేను పెన్సిల్ అంకెల పక్కన టిక్కు పెడతాను. పావు గానీ ముప్పావు గానీ వినిపిస్తే ఆగుతాం. నిన్న ఒకచోట ఆగాం. తను చదివింది 10 అడుగుల 4½. నోట్‌బుక్ చూస్తే అక్కడ కూడా 4½ అనే ఉంది, ఆ గోడ మందం వల్ల నేనే అలా ఇచ్చాను. టిక్కు పెట్టి తర్వాతి పిల్లర్ చదవమన్నాను.